మెడలో సిర, చేతిలో ప్రోబ్: ఎంఎస్ జబ్బు చుట్టూ నడిచిన ఒక స్కానింగ్ కథ

హాస్టల్‌లో నా జూనియర్ ఒకరాత్రి ఫోన్ పట్టుకుని నా గదికి వచ్చాడు. అందులో ఒక వీడియో. ఎప్పటిదో పాత ఇంగ్లీషు టీవీ కార్యక్రమం ముక్క, దానిమీద ఎవరో తెలుగులో గొంతు కలిపారు. ఇన్నేళ్లూ నడవలేకపోయిన మనిషి మెడలో బెలూన్ పెట్టించుకుని లేచి నడిచిందని చెబుతున్నారు. "అన్నా, మెడల నరం బ్లాక్ అయితదంట. అది తెరిస్తె ఎంఎస్ తగ్గుతదంట. అక్కకు చేపిద్దామని నాయిన అంటుండు. ఉన్న ఎకరం అమ్ముతనంటుండు" అన్నాడు.

వాళ్లక్కకి 31 ఏళ్లు. మొదట ఒక కన్ను మసకబారింది. కళ్లజోడు మార్చారు. కొన్ని వారాలకి చూపు దానంతటదే కొంత తిరిగొచ్చింది. ఏడాది తర్వాత కాళ్లు మొద్దుబారాయి. వెన్నుపూస అరిగిందన్నారు, విటమిన్ లోపమన్నారు. ఎంఆర్ఐ తీశాక గానీ మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే పేరు బయటపడలేదు. ఆ పేరు పలకడం కష్టమని ఇంట్లో అందరూ ఎంఎస్ అనే అంటారు.

నేను డాక్టర్‌ని కాదు. ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక కొలత ఎవరి చేతుల్లో పుడుతుంది, ఎప్పటినుంచి అది సత్యంగా చెలామణీ అవుతుంది అన్నదే నేను రోజూ చదివేది. అందుకే ఆ రాత్రి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. "పొలం సంగతి పది రోజులు ఆపండి, చదివి చెప్తా" అన్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ పది రోజుల చదువు, ఆ తర్వాత వాళ్లింట్లో జరిగిన చర్చ.

నరం అంటే ఏ నరం?

ముందుగా మన భాషలోనే ఒక చిక్కుంది. "నరం" అనే మాటని మనం రెండింటికీ వాడతాం. ఇంజెక్షన్ చేసే నర్సమ్మ నరం దొరకట్లేదంటుంది. అది రక్తం పారే సిర. నడుం నుంచి పాదం దాకా నరం లాగుతోందంటాం. అది కబురు మోసే నాడి. ఎంఎస్‌ని అందరూ నరాల జబ్బు అంటారు. బెలూన్ పెట్టేది కూడా మెడ నరానికే అంటారు. నరాల జబ్బుకి నరం తెరవడం న్యాయంగానే తోస్తుంది కదా! జూనియర్ వాళ్ల నాయినకి ఈ తేడా చెప్పడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది. కాబట్టి ఇక్కడ రక్తం మోసేదాన్ని సిర అనీ, కబురు మోసేదాన్ని నాడి అనీ విడదీసి రాస్తాను.

కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు, నాడీ తంతువుల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఎంఎస్‌లో శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో ఈ తొడుగు మీద దాడి చేస్తుంది. తొడుగు ఎక్కడ ఊడితే అక్కడి పని దెబ్బతింటుంది. ఒకరికి చూపు, ఒకరికి నడక, ఇంకొకరికి మూత్రం మీద అదుపు. పైకి కనబడని అలసట దాదాపు అందరికీ. 2020 అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 28 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లలో కనీసం రెట్టింపు. చాలామందిలో తొలి ఏళ్లలో అది వచ్చిపోతూ ఉంటుంది. కొన్ని వారాలు విజృంభించి, ఏ మందూ వేయకపోయినా కొంత సర్దుకుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

ఇందులోకి సిర ఎలా వచ్చింది? అది ఎవరో నిన్న ఊహించింది కాదు. 1863లోనే రిండ్‌ఫ్లైష్ అనే జర్మన్ వైద్యుడు, ఎంఎస్ రోగుల మెదడులోని మచ్చల మధ్యలో ఒక రక్తనాళం ఉండటం గమనించాడు. 1930లలో అమెరికాలో ట్రేసీ పట్నం కుక్కల మెదడు సిరలని మూసి, ఎంఎస్‌ని పోలిన మచ్చలు వస్తాయేమో చూశాడు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు కూడా ఆ తర్వాత ప్రయత్నించారు. ఆ దారి ఫలించక ఆగిపోయింది. డెబ్బై ఏళ్ల తర్వాత దాన్ని మళ్లీ తెరిచిన మనిషి పావ్లో జంబోని.

జంబోని ఇటలీలోని ఫెరారా విశ్వవిద్యాలయంలో రక్తనాళాల సర్జన్. ఆయన అసలు పని కాళ్ల సిరల మీద. కాలి సిరల్లో కవాటాలు చెడిపోతే రక్తం పైకి పోకుండా కిందికి జారి నిలుస్తుంది. అలా నిలిచిన చోట సిర గోడలోంచి ఎర్రకణాలు బయటికి ఊరతాయి, వాటిలోని ఇనుము కణజాలంలో పేరుకుంటుంది, చర్మం నల్లబడి చివరికి పుండు పడుతుంది. ఆయన భార్యకి ఎంఎస్ వచ్చింది. కాలిలో జరిగేదే మెదడులో కూడా జరుగుతోందేమో అన్నది ఆయన ప్రశ్న. ఈ పోలికని 2006లో ఒక వ్యాసంగా రాశాడు. మెదడు నుంచి రక్తం దిగే దారి ఇరుకైతే రక్తం వెనక్కి తంతుంది, ఇనుము పేరుకుంటుంది, దాన్ని చూసి రక్షణ వ్యవస్థ రెచ్చిపోతుంది అని. దీనికి పెట్టిన పొడవాటి పేరుని కుదించి సీసీఎస్‌వీఐ అన్నారు. భార్య జబ్బుకి కారణం వెతుక్కున్న వైద్యుడి మీద నాకు వెటకారం లేదు. ఊహగా అది బుద్ధిగల ఊహే. చిక్కంతా దాన్ని కొలిచిన తీరులో వచ్చింది.

ఎరుపు, నీలం

మన ఊళ్లలో స్కానింగ్ అంటే గర్భిణులకి చేసేదే. పనిముట్టు అదే, పెట్టే చోటు వేరు. చేతిలో పట్టే ప్రోబ్ మనిషి చెవికి అందని ధ్వనిని లోపలికి పంపుతుంది, తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని నుంచి మెషీన్ బొమ్మ గీస్తుంది. డాప్లర్ అంటే అందులో ఇంకో మెట్టు. స్టేషన్‌కి వచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయే రైలు కూత బొంగురుగా వినబడుతుంది కదా. అలాగే కదులుతున్న రక్తకణాలకి తగిలి వచ్చే ధ్వని స్థాయి కాస్త మారుతుంది. ఆ మార్పుని బట్టి రక్తం ఎటు, ఎంత వేగంగా పోతోందో లెక్కగడతారు. సాధారణంగా ప్రోబ్ వైపు వచ్చేదాన్ని ఎరుపులో, దూరంగా పోయేదాన్ని నీలంలో చూపిస్తారు. చూసేవాళ్లు ఎరుపు అంటే ధమని, నీలం అంటే సిర అనుకుంటారు. కాదు. ప్రోబ్‌ని ఇటు వంచితే ఎరుపైన ప్రవాహమే, అటు వంచితే నీలమవుతుంది.

పుర్రె ఎముక ధ్వనిని అడ్డుకుంటుంది. అందుకే మెదడు లోపలి నాళాలని చూడాలంటే ఎముక పలచగా ఉండే కణతల దగ్గర ప్రోబ్ పెట్టాలి. 1982లో రూనే ఆస్లిడ్ బృందం ఈ పద్ధతి చూపించింది. వేగంగా పారే ధమనులకి అది బాగా పనికొస్తుంది. నెమ్మదిగా పారే, వంకర్లు తిరిగే లోతైన సిరలని పట్టుకోవడం చాలా కష్టం.

జంబోని ఐదు గుర్తులు పెట్టాడు. మెడలోని జుగులర్ సిరల్లో గానీ వెన్నుపూసల వెంట దిగే సిరల్లో గానీ రక్తం వెనక్కి రావడం, మెదడు లోతుల్లోని సిరల్లో వెనక్కి రావడం, జుగులర్ సిర ఇరుకుగా కనబడటం, ప్రవాహమే దొరకకపోవడం, పడుకున్నప్పుడు వెడల్పు కావాల్సిన జుగులర్ సిర, కూర్చున్నప్పుడు వెడల్పు కావడం. ఈ ఐదింటిలో ఏ రెండున్నా లోపం ఉన్నట్టే. ఎంతసేపు వెనక్కి వస్తే లెక్కలోకి తీసుకోవాలన్న దానికి కూడా హద్దులు పెట్టారు. మెడలో అయితే 0.88 సెకన్లు, మెదడు లోపల అయితే అర సెకను.

2009 ఏప్రిల్‌లో బ్రిటన్ నుంచి వచ్చే ఒక ప్రసిద్ధ న్యూరాలజీ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఎంఎస్ ఉన్న 65 మందిని, లేని 235 మందిని పరీక్షించారు. లేనివాళ్లలో ఆరోగ్యవంతులూ ఉన్నారు, వేరే నాడీ జబ్బులున్నవాళ్లూ ఉన్నారు. ఎంఎస్ ఉన్న ప్రతి ఒక్కరిలో లోపం ఉంది, లేని ఒక్కరిలో కూడా లేదు. నూటికి నూరు.

పరిశోధన చేసే విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వైద్యంలో నూటికి నూరు దాదాపు ఎప్పుడూ రాదు. గర్భ పరీక్షకి కూడా రాదు. అంత చక్కటి జవాబు వచ్చినప్పుడు అడగాల్సింది "ఎంత బాగుంది" అని కాదు, "స్కాన్ చేసిన మనిషికి ముందున్నది రోగో కాదో తెలుసా" అని. చాలామంది విమర్శకులు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఆ వ్యాసంలో దానికి సరిపడా వివరం లేదన్నారు.

నా మెడ మీద

ఇదంతా కాగితం మీద చదివితే నాకు తలకెక్కలేదు. రేడియాలజీ పీజీ చేస్తున్న స్నేహితురాలిని అడిగాను. ఒక ఆదివారం పని అయిపోయాక నన్ను బల్ల మీద పడుకోబెట్టి మెడకి చల్లటి జెల్ పూసింది.

తెరమీద గుండ్రంగా, దమ్ దమ్మని కొట్టుకుంటూ ఒకటి కనబడింది. అది ధమని. దాని పక్కన నల్లటి కోడిగుడ్డు ఆకారం. అదే జుగులర్ సిర. "ఊపిరి బిగబట్టు" అంది. గుడ్డు ఉబ్బింది. "వదులు." చిక్కింది. తల కాస్త అటు తిప్పమంది, ఆకారం మారిపోయింది. "ఇప్పుడు చూడు" అని చేత్తో కొంచెం, నాకు నొప్పి కూడా తెలియనంత కొంచెం నొక్కింది. సిర మాయం. ధమని మాత్రం అలాగే కొట్టుకుంటోంది.

"బ్లాక్ అయిందా?" అన్నాను.

"నా వేలి బరువు" అంది నవ్వుతూ.

తర్వాత లేచి కూర్చోమంది. అసలు నొక్కకుండానే సిర చదునైపోయింది. ఇది జబ్బు కాదు, నిటారుగా నడిచే జీవులం కాబట్టి మన ఏర్పాటు. 2000లో లాన్సెట్ పత్రికలో జర్మన్ పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. పడుకున్నప్పుడు జుగులర్ సిరల్లో నిమిషానికి సగటున సుమారు 700 మిల్లీలీటర్ల రక్తం దిగితే, నిలువుగా ఉన్నప్పుడు 70 మాత్రమే. మిగతాది వెన్నుపూసల చుట్టూ ఉన్న సిరల వలలోంచి దారి చూసుకుంటుంది. ఒక కాలువ మూస్తే పక్క కాలువలోకి నీళ్లు మళ్లినట్టు. పైగా మనిషి మనిషికీ ఈ కాలువల కొలతలు వేరు. ఒకరికి కుడి సిర పెద్దది, ఒకరికి ఎడమది. మెడ కండరం ఒకటి సిర మీదుగా పోతూ నొక్కే మనుషులు కూడా ఉన్నారు. పొద్దున్నుంచి నీళ్లు తాగకపోతే సిర సన్నబడుతుంది.

ఇప్పుడు ఆ ఐదు గుర్తులని మళ్లీ చూడండి. ఇరుకు, ప్రవాహం దొరకకపోవడం, వెనక్కి రావడం. వీటిలో ప్రతి ఒక్కటీ చేతి ఒత్తిడితో, ఊపిరితో, తల వాలుతో, ప్రోబ్ కోణంతో తెచ్చిపెట్టగలిగిందే. నేను మోసం అనడం లేదు. ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు. ఎదుట చక్రాల కుర్చీ ఉంటే చేయి ఇంకాస్త వెతుకుతుంది, వెతికింది దొరికేదాకా ఆగుతుంది. ఎదుట కుర్రాడు ఉషారుగా వచ్చి పడుకుంటే ఒక చూపు చూసి "నార్మల్" అని రాస్తుంది. అంతే తేడా.

అల్ట్రాసౌండ్‌ని తక్కువ చేయడం కూడా కాదు ఇది. ఐసీయూలో మెడ సిరకి గొట్టం వేసేటప్పుడు సూది ధమనికి గుచ్చుకోకుండా రోజూ కాపాడేది ఈ ప్రోబే. సిర ఎక్కడుంది అని అడిగితే అది బ్రహ్మాండంగా చెబుతుంది. ఈ సిర ఈ మనిషికి తక్కువా ఎక్కువా అని అడిగితే తడబడుతుంది.

విమోచన చికిత్స

లోపం సిరలో ఉంటే తెరవచ్చు కదా. గుండె నాళాల్లో చేసినట్టే, తొడ దగ్గర సిరలోంచి సన్నటి గొట్టం పంపి, మెడ దగ్గర బెలూన్ ఉబ్బించి ఇరుకుని వెడల్పు చేయడం. జంబోని బృందం 65 మందికి ఇది చేసి 2009 డిసెంబర్‌లో ఫలితాలు ప్రచురించింది. పోల్చడానికి వేరే గుంపు లేదు. ఎవరికి ఏం చేశారో అందరికీ తెలుసు. దీనికి జనంలో స్థిరపడిన పేరు లిబరేషన్ ట్రీట్‌మెంట్, అంటే విమోచన చికిత్స. ఉద్యమాల్లో తిరిగిన మనకి ఆ మాట ఎంత బలంగా తగులుతుందో వేరే చెప్పాలా.

2009 నవంబర్‌లో కెనడా టీవీ కార్యక్రమం డబ్ల్యూ5 ఈ కథని ప్రసారం చేసింది. కెనడా ప్రపంచంలోనే ఎంఎస్ అత్యధికంగా ఉన్న దేశాల్లో ఒకటి. ఆ మర్నాటి నుంచి న్యూరాలజిస్టుల ఫోన్లు ఆగలేదు. ఫేస్‌బుక్ గ్రూపులు పుట్టాయి. 2010లో రోగులు చక్రాల కుర్చీల్లో రోడ్డెక్కి, మాకు ఈ పరీక్ష చేయండి, చికిత్స ఇవ్వండి అని ప్రదర్శనలు చేశారు. ఆధారాలు లేవని డాక్టర్లు చెబితే, మందుల కంపెనీల దగ్గర డబ్బులు తీసుకునేవాళ్లు ఇంకేం చెబుతారని తిప్పికొట్టారు. ఆ కోపానికి పునాది లేకపోలేదు. ఎంఎస్ మందులు ఏడాదికి వేల డాలర్ల ఖరీదు. కంపెనీలకీ న్యూరాలజిస్టులకీ మధ్య ఆర్థిక సంబంధాలు నిజంగానే ఉన్నాయి. ఏళ్ల తరబడి "ఇంతకంటే చేసేదేం లేదు" అన్న మాటే విన్నవాళ్లకి, మొదటిసారి ఎవరో "తెరవచ్చు" అన్నారు.

కెనడాలో చేయరు కాబట్టి బయటికి వెళ్లారు. పోలండ్, మెక్సికో, కోస్టారికా, ఇండియా. మన దేశంలోని కొన్ని కార్పొరేట్ ఆసుపత్రులు కూడా విదేశీ రోగుల కోసం ప్యాకేజీలు ప్రకటించాయి. ఇళ్లు తాకట్టు పెట్టి, ఊళ్లో చందాలు వసూలు చేసుకుని వెళ్లినవాళ్లున్నారు. మెడ సిర ధమని లాంటిది కాదు, గోడ పలచన. గుండె వైపు వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. అక్కడ స్టెంట్ పెడితే జారితే గుండెలోకే జారుతుంది. స్టాన్‌ఫోర్డ్‌లో అచ్చం అదే జరిగి ఒక రోగికి గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మరో రోగి మెదడులో రక్తస్రావంతో చనిపోయారు. అక్కడ ఈ చికిత్స ఆపేశారు. కోస్టారికాలో స్టెంట్ వేయించుకున్న కెనడా యువకుడొకరు రక్తం గడ్డకట్టి, దానివల్ల వచ్చిన సమస్యలతో 2010లో చనిపోయారు. 2012 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బహిరంగంగా హెచ్చరించింది.

వాళ్ల నాయినకి నేను ముందు చెప్పింది ఈ పేరానే. లెక్కలకంటే ముందు.

కళ్లకు గంతలు కట్టాక

ఈలోగా మిగతా ప్రపంచం ఆ స్కాన్‌ని మళ్లీ చేసి చూసింది. 2010లో బెర్లిన్ బృందం 56 మంది ఎంఎస్ రోగులని, 20 మంది ఆరోగ్యవంతులని చూసింది. ఒక్కరిలో కూడా రెండు గుర్తులు కలిసి దొరకలేదు. అమెరికాలోని బఫెలోలో సుమారు 500 మందిని చూస్తే ఎంఎస్ ఉన్నవాళ్లలో 56 శాతం, ఆరోగ్యవంతుల్లో 23 శాతం, వేరే నాడీ జబ్బులున్నవాళ్లలో 42 శాతం వచ్చింది. ఒకే గుర్తులు, ఒకే రకం మెషీన్లు. ఒకచోట నూరు, ఒకచోట సున్నా, ఒకచోట సగం. జబ్బు దేశానికొక రకంగా మారదు. మారింది ప్రోబ్ పట్టిన చేయి.

దీన్ని తేల్చిన అధ్యయనాలు రెండు. మొదటిది ఇటలీలోనే, అక్కడి ఎంఎస్ ఫౌండేషన్ డబ్బుతో జరిగిన కాస్మో. 35 కేంద్రాలు, 1,700 మందికి పైగా మనుషులు. స్కాన్ చేసేవాళ్లకి రోగి ఎవరో చెప్పలేదు. తీసిన చిత్రాలు ఒక కేంద్రానికి వెళ్లాయి, అక్కడి నిపుణులు మనిషి ఎవరో తెలియకుండా చదివారు. ఎంఎస్ ఉన్నవాళ్లలో 3.26 శాతం, వేరే నాడీ జబ్బులవాళ్లలో 3.10, ఆరోగ్యవంతుల్లో 2.13. గంతలు కట్టగానే నూరు కాస్తా మూడయింది, అదీ అందరిలో దాదాపు సమానంగా.

రెండోది కెనడాలో, 2013లో లాన్సెట్‌లో వచ్చింది. వీళ్లు స్కాన్‌తో ఆగకుండా, సిరలోకి గొట్టం పంపి రంగుమందుతో ఎక్స్‌రే తీశారు. ఎంఎస్ రోగులని, వాళ్ల తోబుట్టువులని, సంబంధం లేని ఆరోగ్యవంతులని పక్కపక్కన పెట్టారు. సిర సగానికి మించి ఇరుకైనవాళ్లు రోగుల్లో 74 శాతం, తోబుట్టువుల్లో 66, ఆరోగ్యవంతుల్లో 70. అంటే ఇరుకు ఉంది. నాలోనూ ఉండొచ్చు, మీలోనూ ఉండొచ్చు. మనలో చాలామందికి అలా ఉండటమే మామూలు. ఇది చదివినప్పుడు నాకు ఆ చికిత్స చేయించుకున్నవాళ్ల రిపోర్టులు గుర్తొచ్చాయి. "బ్లాక్ దొరికింది, తెరిచాం" అని అందరికీ రాసిచ్చారు. దొరకడం నిజమే అయి ఉంటుంది. వీధిలో వెళ్లేవాణ్ని పట్టుకొచ్చినా దొరికేదే.

సరే, కారణం అయినా కాకపోయినా తెరిస్తే మేలు జరుగుతుందేమో కదా? ఇది రోగుల ప్రశ్న. గట్టి ప్రశ్న. కెనడాలో నిపుణుల బృందం 2010లో ట్రయల్ వద్దంది. రోగులు ఊరుకోలేదు. 2011లో ప్రభుత్వం ఒప్పుకోవాల్సి వచ్చింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో రోగుల ఉద్యమం సాధించింది ఇదే, చిన్నదేం కాదు. వాళ్లు నమ్మిన సిద్ధాంతం నిలబడలేదు. మమ్మల్ని వదిలేయకుండా పరీక్షించి చెప్పండి అన్న డిమాండ్ మాత్రం పూర్తిగా న్యాయమైనది.

ఆ ట్రయల్ నాలుగు నగరాల్లో జరిగింది. 104 మంది. అందరినీ బల్ల ఎక్కించారు, అందరికీ గొట్టం పంపారు. 49 మందికి బెలూన్ ఉబ్బించారు, 55 మందికి ఉబ్బించకుండా తీసేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగికి తెలియదు, తర్వాత పరీక్షించే డాక్టర్‌కి తెలియదు. 48 వారాల తర్వాత రెండు గుంపులకీ తేడా లేదు.

ఇటలీలో ఇలాంటి ట్రయల్‌నే జంబోని స్వయంగా నడిపాడు. 2017 చివర్లో ఫలితం వచ్చింది. వచ్చిపోయే రకం ఎంఎస్ ఉన్న 115 మందిలో 76 మందికి నిజం బెలూన్, 39 మందికి ఉత్తుత్తిది. నడక, చేతి పని, చూపు, మూత్రం మీద అదుపు కలిపి చూస్తే, ఏడాదికి మెరుగైనవాళ్లు నిజం గుంపులో సుమారు 42 శాతం, ఉత్తుత్తి గుంపులో సుమారు 49 శాతం. ఆ ఏడు శాతం తేడా ఇంత చిన్న గుంపుల్లో అర్థం లేనిది. చూడాల్సింది రెండో అంకె. ఏమీ చేయనివాళ్లలో దాదాపు సగం మంది మెరుగయ్యారు. ఎంఎస్ వచ్చిపోతూ ఉంటుందని మొదట్లో గుర్తుంచుకోమన్నది ఇందుకే. జబ్బు బాగా ముదిరిన రోజుల్లోనే మనం ఆసుపత్రికి పరిగెడతాం. ఆ తర్వాత కొంత తగ్గడం దాని సహజ గతి. మధ్యలో ఏం చేయించుకుంటే పేరు దానికి దక్కుతుంది. వీడియోలో లేచి నడిచిన మనిషి అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఉత్తుత్తి గుంపులో కూడా అలాంటివాళ్లు ఉన్నారన్నది వీడియోలో ఉండదు.

ఈ చికిత్సని ఎంఎస్‌కి సిఫారసు చేయలేమని ఆ వ్యాసంలో జంబోని బృందమే తేల్చింది. తన పేరు ప్రపంచమంతా మోగించిన ఊహని తన ట్రయల్‌తోనే కూల్చుకోవడం అందరూ చేసే పని కాదు.

ఎకరం సంగతి

రిండ్‌ఫ్లైష్ చూసిన మధ్య సిర మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఎంఆర్ఐలో మచ్చ నడుమ సిర కనబడటం, అది ఎంఎస్ మచ్చా వేరే జబ్బుదా అని తేల్చడానికి పనికొస్తోంది. రక్షణ కణాలు మెదడులోకి దూరేది చిన్న సిరల చుట్టూనే. అంటే సిర దారి, అడ్డంకి కాదు. కారణాల వైపు చూస్తే, 2022లో అమెరికా సైనికుల రక్త నమూనాల మీద జరిగిన భారీ అధ్యయనం ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక ఎంఎస్ ముప్పు 32 రెట్లు పెరుగుతుందని చూపింది. ఆ వైరస్ మనలో అత్యధికులకి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, కాబట్టి కథ అక్కడితో ముగియదు.

వాళ్లింట్లో కూర్చున్నప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడింది వేరే విషయం. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో మొదటిసారి ఎంఎస్ మందులని చేర్చింది. అందులో రిటుక్సిమాబ్ ఒకటి. మొదట క్యాన్సర్ కోసం వచ్చిన మందు, మన దేశంలో కూడా తయారవుతుంది, మిగతా వాటితో పోలిస్తే ఖర్చు తక్కువ. అది అక్కకి సరిపోతుందో లేదో న్యూరాలజిస్ట్ చెప్పాలి, అడగాల్సింది మాత్రం మనం. రెండోది, 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరు ఉంది. సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేయొచ్చు. కానీ అదే చట్టం 34వ సెక్షన్‌లో ఉద్యోగాలకి ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ జాబితాలో ఎంఎస్ పేరు లేదు. గుర్తింపు ఒక పేజీలో, వాటా ఇంకో పేజీలో. ఈ సంగతి విని జూనియర్ తన ఫోన్‌లో చట్టం తీసి రెండు పేజీలూ తానే చదువుకున్నాడు.

అక్క అంతసేపూ గోడకి ఆనుకుని వింటోంది. చివర్లో ఒక్క మాట అడిగింది. "తమ్మీ, ఆ ఉత్తుత్తి బెలూన్ ఏసినోళ్లకు సంగతి చెప్పిన్రా మళ్ల?"

చెప్పారు. అలా జరగొచ్చని ముందే చెప్పి, ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లనే తీసుకున్నారు. కెనడా ట్రయల్‌లో అయితే 48 వారాల తర్వాత గుంపులని తారుమారు చేసే ఏర్పాటు కూడా ఉంది, ఎవరూ నష్టపోయామనుకోకుండా. అదే చెప్పాను.

"ఆళ్లు ఒప్పుకున్నందుకే గద మనకు ఎరుకైంది" అని, వాళ్ల నాయిన వైపు తిరిగి, "పొలం జోలికి పోకు" అంది. ఎంఆర్ఐ మళ్లీ వచ్చే నెల ఉంది.